బుడమేరు నీళ్లు ఏ పార్టీవి?

2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ వీధుల్లో బుడమేరు పారుతోంది. జనం ఇంకా మేడల మీదే ఉన్నారు. పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు చాలా సందుల్లోకి చేరనే లేదు. ఫోన్లలో మాత్రం తీర్పు వచ్చేసింది. తప్పంతా ఇప్పటి ప్రభుత్వానిదే, గేట్లు ఎత్తే ముందు ఊరికి చెప్పలేదని ఒక జట్టు. తప్పంతా గత ప్రభుత్వానిదే, ఐదేళ్లు కాలువ పనులు మూలన పడేసిందని ఇంకో జట్టు. ఈ రెండూ కాక, కృష్ణ పొంగి బెజవాడ మునిగిందని దూరాన ఉన్నవాళ్లు రాసుకుంటూ పోయారు. నీళ్లు ఎటు నుంచి ఎటు వచ్చాయో ఓపిగ్గా చెప్పినవాళ్లూ ఉన్నారు గానీ, ఆ గోలలో వాళ్ల మాట విన్నవాళ్లు తక్కువ.

నీళ్ల దారి కాస్త చూడాలి, ఎందుకంటే అది తెలిస్తే ఈ మూడు మాటల్లో ఏదీ పూర్తిగా నిలబడదు, ఏదీ పూర్తిగా కొట్టిపారేయలేం.

బుడమేరు కృష్ణకు పాయ కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, వాగుల్ని కలుపుకుంటూ వచ్చి, దాని మానాన దాన్ని వదిలేస్తే కొల్లేరులో కలిసే ఏరు. బెజవాడ దుఃఖదాయిని అని దానికి పాత పేరే ఉంది. ఆ దుఃఖం తప్పించడానికే వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి డైవర్షన్ ఛానల్ తవ్వి, వరదను ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి మళ్లించారు. రెగ్యులేటరు గేట్లు దించి ఉంటే నీరు ఛానల్లోంచి కృష్ణకు పోతుంది, ఎత్తితే పాత దారిన నగరం పక్కగా కొల్లేరు వైపు దిగుతుంది. ఆగస్టు 31న కురిసిన వానకు ఏరు ఆ ఛానల్ మోయగలిగినదానికంటే ఎక్కువ నీటిని తెచ్చింది. సరిగ్గా అప్పుడే కృష్ణ కూడా పెరుగుతోంది. సెప్టెంబరు 2 నాటికల్లా ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది, బ్యారేజీ కట్టాక అంత నీరు రావడం అదే మొదటిసారి. నది అంత ఎత్తున ఉంటే పక్క కాలువ నీళ్లు అందులోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఛానల్ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం దిగాల్సి వచ్చింది, ఆఖరి గండి మూసేసరికి సెప్టెంబరు 7 అయింది.

అంటే ఊళ్లోకి వచ్చినవి కృష్ణ నీళ్లు కావు. కానీ కృష్ణ పొంగకపోతే బుడమేరుకు ఇంకాస్త దారి దొరికేది. గేట్ల గురించి, హెచ్చరికల గురించి అడిగే ప్రశ్న న్యాయమైనదే. కట్టల నిర్వహణ, ఛానల్ వెడల్పు పనుల గురించి అడిగేదీ న్యాయమైనదే. ఏటి దారిలో లేచిన ఇళ్ల సంగతి మరొకటి. 2005లో కూడా ఇదే బుడమేరు ఇదే నగరాన్ని ముంచింది.

గమనిస్తే ఈ కారణాల్లో ఒక్కోదానికి ఒక్కో వయసు. వానది ఒకటి రెండు రోజులు. హెచ్చరిక సంగతి కొన్ని గంటలు. నిర్వహణ లోపానిది కొన్నేళ్లు. ఏటి ఒడ్డున ఊరు పెరగడానికి పట్టింది దశాబ్దాలు. ఇప్పటి ప్రభుత్వాన్ని తిట్టాలనుకున్నవాడికి గంటల లెక్క సరిపోతుంది, గత ప్రభుత్వాన్ని తిట్టాలనుకున్నవాడికి ఏళ్ల లెక్క సరిపోతుంది. దశాబ్దాల లెక్క ఎవరికీ అక్కర్లేదు, అందులో అందరికీ వాటా ఉంది కాబట్టి. ఆన్‌లైన్ గొడవల్లో అబద్ధాలు ఉంటాయి, నిజమే. కానీ ఎక్కువ చిక్కు వచ్చేది అబద్ధాలతో కాదు, తనకు పనికొచ్చే వయసున్న నిజాన్ని మాత్రమే ఏరుకోవడంతో. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాడు నాలుగో కాలు లేదని అబద్ధమాడుతున్నాడనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు అతను నిలబడ్డ చోటు నుంచి మూడే కనిపిస్తాయి.

ఇలా తరతమాలు చూసి మాట్లాడే మనిషికి మన దగ్గర సిద్ధంగా ఉన్న బిరుదు గోడమీద పిల్లి. ఈ బిరుదు కొన్నిసార్లు న్యాయంగానే దక్కుతుంది. ఎటూ తేల్చకుండా, ఎవరికీ కోపం రాకుండా, రెండు పక్షాలకూ చెరి సగం తప్పు పంచేసి చేతులు దులుపుకునేవాళ్లు ఉన్నారు. పాము చావదు, కర్ర విరగదు. టీవీ చర్చల్లో సమతూకం అంటే ఇదే అనుకుంటారు. కానీ తేడాలు చూడటం అంటే మధ్యలో నిలబడటం కాదు. వరద రోజుల్లో బుడమేరు కట్ట మళ్లీ తెగిందని ఎవరైనా మెసేజీ పెడితే దానికి మధ్యస్థమైన సమాధానం లేదు. తెగిందో లేదో ఒక్కటే నిజం. అక్కడ సగం తెగి ఉండొచ్చు అనడం బుద్ధిమంతుల లక్షణం అనిపించుకోదు.

కృష్ణలంక రిటైనింగ్ వాల్ గొడవ ఇంకో రకం. ఆ వరదలో కృష్ణలంక, రాణిగారితోట వైపు ఇళ్లను కాపాడింది ఆ గోడే అన్నదాంట్లో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎవరు కట్టారన్నదాని మీద. ఒక ప్రభుత్వ హయాంలో మొదటి దశ, తర్వాతి ప్రభుత్వ హయాంలో మిగతా దశలు నడిచాయి. ఇందులో దాపరికం లేదు, చిక్కుముడీ లేదు. ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. అయినా ఏ పొడవు ఎవరిదని నెలల తరబడి కొట్టుకున్నారు. ఆ గోడ పక్క జనానికి తెలిసిన ముచ్చట వేరే ఉంది: అంతకుముందు కృష్ణకు వరద వచ్చిన ప్రతిసారీ సామాన్లు నెత్తిన పెట్టుకుని పునరావాస కేంద్రానికి పోవాల్సి వచ్చేది. వాళ్లకు గోడ కావాలి, శిలాఫలకం మీద పేరు కాదు.

ఎందుకిలా అన్నదానికి మనస్తత్వ శాస్త్రవేత్తల దగ్గర ఒక ఆసక్తికరమైన జవాబు ఉంది. 2002లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియొనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ ఒక చిన్న పని చేశారు. జిప్పు, ఫ్లష్ ట్యాంకు లాంటి రోజూ వాడే వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకెంత బాగా తెలుసో చెప్పండని జనాన్ని అడిగారు. అందరూ ధీమాగా మార్కులు వేసుకున్నారు. సరే, అయితే అంచెలంచెలుగా వివరించండి అన్నారు. వివరించబోయి చాలామంది తడబడ్డారు. మళ్లీ మార్కులు వేసుకోమంటే తగ్గించుకున్నారు. 2013లో ఫిలిప్ ఫెర్న్‌బాక్, స్టీవెన్ స్లోమన్ తదితరులు దీన్నే రాజకీయాలకు పట్టించి చూశారు. ఒక ప్రభుత్వ విధానాన్ని గట్టిగా సమర్థించేవాళ్లను, గట్టిగా వ్యతిరేకించేవాళ్లను తీసుకుని, మీ అభిప్రాయానికి కారణాలు చెప్పండి అంటే వాళ్లు ఉన్నచోటే ఉన్నారు. అదే విధానం ఎలా అమలవుతుందో, దాని వల్ల ఏం జరిగి ఏం జరుగుతుందో వివరించమంటే, తమకు తెలిసింది తక్కువేనని ఒప్పుకున్నారు, అభిప్రాయంలోని పదును కూడా తగ్గింది. తర్వాత ఇతరులు చేసిన పరిశీలనల్లో అభిప్రాయం మెత్తబడటం ప్రతిసారీ కనిపించలేదు. తమకు తెలిసింది తక్కువన్న ఎరుక మాత్రం కలిగింది. ఆ మాటకొస్తే అదీ చిన్న విషయమేం కాదు.

మన వాదనలన్నీ ‘ఎందుకు’ చుట్టూ తిరుగుతాయి. ఎందుకు సమర్థిస్తున్నావ్, ఎందుకు తిడుతున్నావ్, ఇన్నాళ్లూ ఎందుకు నోరెత్తలేదు. ‘ఎందుకు’ అనే ప్రశ్న మనిషిని తన కారణాలకు ఇంకా గట్టిగా కట్టేస్తుంది. ‘ఎలా’ అడిగితే మాట వస్తువు మీదికి మళ్లుతుంది. గేట్లు ఎత్తకపోతే నీళ్లు ఎలా పోయేవి? ఛానల్ వెడల్పు చేసినా, కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఎలా దిగేవి? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే పార్టీ కండువా తీసి పక్కన పెట్టక్కర్లేదు. మెడలో ఉంచుకునే చెప్పొచ్చు. కానీ చెప్పే క్రమంలో రెండు మూడు చోట్ల ‘అది నాకు తెలియదు’ అనక తప్పదు.

ఫోన్‌లోని యంత్రాంగం మాత్రం ఆ మాటను ప్రోత్సహించదు. ఫేస్‌బుక్ 2017 నుంచి కొంతకాలం మామూలు లైకు కంటే ఎమోజీ స్పందనలకు ఐదు రెట్లు ఎక్కువ విలువ కట్టింది, కోపం బొమ్మతో సహా. కోపం తెప్పించిన పోస్టు ఎక్కువమంది ముందుకు వెళ్లేది. కోపం బొమ్మ విలువను సున్నా చేసింది 2020లో. అప్పటికి రాసేవాళ్లకు అలవాటైపోయింది, ఏ మాట పెడితే జనం భగ్గుమంటారో చేతికి వచ్చేసింది. ఇక వాట్సాప్‌లో అలాంటి లెక్కలేవీ లేవు, అయినా గొడవలు తక్కువేం లేవు. ఒక మెసేజీని ఒకేసారి ఐదుగురికి మించి పంపలేకుండా ఆ సంస్థ 2018లో మొదట మన దేశంలోనే కట్టడి పెట్టింది. 2020లో, చాలాసార్లు చేతులు మారిన మెసేజీ ఒకసారికి ఒక్కరికే వెళ్లేలా చేసింది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే అలవాటు ముందు ఇదంతా కాస్త నెమ్మది చేసిందే తప్ప ఆపలేదు.

గ్రూపుల్లో ఏం జరుగుతుందో తెలియనిది కాదు. గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ పటమటలోనో ఒక అపార్ట్‌మెంట్ గ్రూపు అనుకోండి. పొద్దున్నే పూల బొమ్మతో శుభోదయం, తర్వాత మోటారు రిపేరు, లిఫ్టు డబ్బులు. పదిన్నరకు ఒక వీడియో పడుతుంది, కింద నాలుగు ఆశ్చర్యార్థకాలు. మూడో ఫ్లోరు ఆయన మర్యాదగా అడుగుతాడు: “సార్, ఇది ఎప్పటి వీడియో అండీ?” జవాబు వెంటనే వస్తుంది: “అంటే మీరు వాళ్ల మనిషా?” అడిగింది తేదీ. చెప్పమన్నది కులమో, పార్టీయో. ఆయన ఇంకోసారి అడగడు. గ్రూపులో ఉన్న మిగతా అరవై మందీ చూసి ఊరుకుంటారు. ఆ ఊరుకోవడాన్ని వీడియో పెట్టినాయన ఒప్పుకోలు అనుకుంటాడు.

ఈ అరవై మంది సంగతే ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రం 2019లో చూసినప్పుడు, అక్కడి పెద్దల ట్వీట్లలో 80 శాతం రాసింది 10 శాతం మందే. ఆ అంకెలు వాళ్లవి, ఇక్కడికి తెచ్చి అంటించకూడదు. కానీ ఏ గ్రూపు తెరిచినా ఎప్పుడూ అవే నాలుగు పేర్లు పోట్లాడుకోవడం తెలుగువాళ్లకు కొత్త విషయం కాదు. ఊరంతా రెండుగా చీలిపోయిందని అనిపించడానికి ఆ నాలుగు పేర్లు చాలు.

గుంటూరు దాకా వచ్చాం కాబట్టి మిర్చి సంగతి. 2025 మొదట్లో ధరలు పడిపోయినప్పుడు ఈ గొడవ తారస్థాయికి చేరింది. యార్డు ధరల పట్టిక ఫొటో ఒకరు పెడతారు, తేజ డీలక్స్ అనే మేలురకం రేటు చుట్టూ ఎర్ర గీత గీసి: ఇంత ధర ఉంటే రైతులు ఏడుస్తారేంటి అని. ఇంకొకరు ఒక రైతు చేతికొచ్చిన అమ్మకం చీటీ పెడతారు: ఇదీ మీ ధర అని. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మిర్చికి ఒక ధర అంటూ ఉండదు. తేజ వేరు, 334 వేరు, 341 వేరు, బ్యాడిగి వేరు. ఒకే తేజలో డీలక్స్ వేరు, మీడియం వేరు, రంగు పోయిన తాలుకాయల సంగతి చెప్పనక్కర్లేదు. తేమ ఎంతుంది, కోత ఎన్నోది, సరుకు కళ్లం నుంచి నేరుగా వచ్చిందా, కోల్డ్ స్టోరేజీలో పడుకుని వచ్చిందా, ప్రతిదీ రేటు మార్చేస్తుంది. పట్టికలో పై అంకె పలికే టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఆ రోజు వచ్చిన సరుకులో ఎన్నో ఆ ఫొటో చెప్పదు. చీటీ చూపించిన రైతు సరుకు ఏ రకమో చీటీ పెట్టినాయన చెప్పడు.

అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది, 2.91 లక్షల టన్నుల దాకా. ప్రభుత్వం ఆదుకుంది అని ఒక పోస్టు, ఒక్క కాయ కొన్నారా అని ఇంకో పోస్టు. ఆ పథకం ఉద్దేశమే కాయలు కొనడం కాదు. అమ్మిన ధర అంతకంటే తక్కువైతే తేడా చెల్లించడం. కొనలేదు అన్నమాట నిజం, అది ఆరోపణ ఎలా అవుతుందో మాత్రం తెలియదు. ఆదుకుంది అన్నమాట నిజం కావాలంటే ఆ తేడా ఎంతమంది ఖాతాల్లో, ఎప్పటికి పడిందో చెప్పాలి. పైగా కౌలు రైతు పెట్టుబడికి 11,781 ఏ మూలకు అన్న అసలు ప్రశ్న ఒకటుంది. రెండు జట్లూ దాని పక్క నుంచే వెళ్లిపోయాయి. మిర్చి పండించే ఇంట్లో కూర్చుని ఇవి చదివితే రెండూ తనకు సంబంధం లేని గొడవలే అనిపిస్తాయి.

జట్లు గట్టిపడటానికి ఇంకో కారణం మూటగట్టడం. రాజధాని మీద ఒక అభిప్రాయం ఉందంటే ఇంగ్లిష్ మీడియం మీద, మద్యం ధరల మీద, ఫలానా హీరో సినిమా మీద కూడా ఏ అభిప్రాయం ఉండాలో ముందే తేలిపోతుంది. ఈ విషయాలకు ఒకదానితో ఒకదానికి ఏ పొత్తూ లేదు. అమరావతికి భూములిచ్చిన రైతుకు, అదే ఊళ్లో ఆ పొలాల్లో కూలి చేసుకుని బతికినామెకు ఒకే ప్రాజెక్టు రెండు రకాలుగా తగిలింది. ఒకరికి ప్లాటు, ఒకరికి నెలకింత పింఛను. వాళ్లిద్దరూ ఒకే జట్టులో ఉన్నా ఇద్దరి ప్రశ్నలూ ఒకటి కావు. మూటలో అవేవీ పట్టవు.

మూట విప్పి చూపించిన మనిషి ఒకాయన బెజవాడలోనే ఉండేవారు. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు, పటమటలో నాస్తిక కేంద్రం నడిపినాయన. దేవుడు లేడని బాహాటంగా చెప్పే ఈయన 1944లో సేవాగ్రామ్ వెళ్లి గాంధీని కలిశారు. రోజూ ప్రార్థన సభ జరిగే చోటికి, రాముడి పేరు తలవనిదే రోజు గడవని మనిషి దగ్గరికి. దేవుడి విషయంలో ఇద్దరూ ఒక్క అంగుళం కదలలేదు. అంటరానితనం పోగొట్టే పనిలో మాత్రం ఒకరి మాట ఒకరు విన్నారు. గోరా తన కూతురికి అప్పట్లో అంటరానివాళ్లుగా చూసిన కులం అబ్బాయితో పెళ్లి తలపెడితే ఆశ్రమంలోనే చేయిద్దామన్నారు గాంధీ. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఇందులో ఎవరూ మధ్యేమార్గం పట్టలేదు. సగం ఆస్తికుడు, సగం నాస్తికుడు ఎవరూ కాలేదు. ఎక్కడ పేచీ ఉందో అక్కడే ఉంచారు, దాన్ని మిగతా అన్నిటి మీదికీ పాకనివ్వలేదు, అంతే. నేటి గ్రూపుల్లో అయితే మొదటి రోజే ఒకరు ఎగ్జిట్ కొట్టేవారు.

ఇన్ని చెప్పాక ఒక జాగ్రత్త. సమస్య చాలా సంక్లిష్టమైంది అన్నమాట అధికారంలో ఉన్నవాళ్లకు భలే ఇష్టం. బిల్లు ఆగిందేమని అడిగితే సంక్లిష్టం, నష్టపరిహారం జాబితాలో పేరు లేదేమని అడిగితే సంక్లిష్టం. అది తరతమాలు చూడటం కాదు, తప్పించుకోవడం. గుర్తుపట్టడం కూడా కష్టం కాదు. నిజంగా లోతు తెలిసినవాడి మాటల్లో వివరాలు పెరుగుతాయి, తప్పించుకునేవాడి మాటల్లో విశేషణాలు పెరుగుతాయి.

ఇంకొకటి. మంచం, బీరువా, పిల్లల పుస్తకాలు బురదలో పడ్డ ఇల్లాలు ఎవరినో ఒకరిని తిట్టిందనుకోండి, ఆమెకు క్యూసెక్కుల పాఠం చెప్పబోవడం అన్యాయం. ఆమె కోపానికి సాక్ష్యం ఆమె ఇల్లే. తరతమాలు చూడాల్సిన బాధ్యత కాళ్లు తడవనివాళ్లది. హైదరాబాద్‌లోనో, డాలస్‌లోనో ఫ్యాను కింద కూర్చుని పోస్టు పెట్టేవాడికి ఆమె కోపాన్ని అరువు తెచ్చుకునే హక్కు లేదు. ఆన్‌లైన్‌లో కనిపించే కోపంలో ఎంత భాగం ఇలాంటి అరువు సరుకో చూస్తే చాలా గొడవలు సగానికి సగం చప్పబడతాయి.

వరద తర్వాత ప్రభుత్వం ‘ఆపరేషన్ బుడమేరు’ అని ప్రకటించింది. ఆక్రమణలు తీయాలి అన్నది అందులో పెద్ద మాట. ఇప్పటికే దీని మీదా రెండు జట్లు తయారు: ఒకరికి ఆక్రమణదారులంతా దొంగలు, ఇంకొకరికి ఇల్లు కూల్చేవాళ్లంతా రాక్షసులు. ఆక్రమణ అన్న ఒక్క మాట కింద ఎన్ని రకాల ఇళ్లు దాక్కుని ఉంటాయో చూడాలి. ప్రభుత్వమే పట్టా ఇచ్చిన ఇల్లు, డబ్బు పోసి రిజిస్ట్రేషన్ చేయించుకున్న ఇల్లు, ప్లాను వచ్చిన లేఅవుట్‌లో ఇల్లు, రాత్రికి రాత్రి రేకులు వేసిన షెడ్డు, ఇవన్నీ ఒకటి కావు. ఇరవై ఏళ్లుగా ఇంటి పన్ను వసూలు చేసుకుని ఇవాళ వచ్చి ఇది ఏరు అంటే అది ఏ లెక్క? తీయకుండా వదిలేస్తే వచ్చే వరదకు దిగువన మునిగేది ఎవరిల్లు? అన్నిటికంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది, దాని మీద ఎవరూ మీమ్ చేయరు: నగరం దగ్గర బుడమేరుకు ఎన్ని మీటర్ల వెడల్పు కావాలి, ఏ సంవత్సరపు వరదను లెక్కలోకి తీసుకుని?